జైల్లో ఉన్నది చదువు లేనివాళ్లా, జామీను దొరకనివాళ్లా?

బరంపురం మేస్టారు:
దేశంలో ఖైదీల్లో మూడింట రెండొంతుల మంది పదో తరగతి గట్టెక్కనివాళ్లే. ఇది జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క. ఇంకా చర్చ దేనికి? ఒడిశాలోని మా గంజాం జిల్లాలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాను. బడి మానేసిన పిల్లలు ఎటు పోయారో నాకు తెలుసు.

పర్లాకిమిడి పిల్ల:
మేస్టారూ, అదే లెక్కలో ఇంకో ముక్క వదిలేశారు. 2022 చివరికి ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణలో ఉన్నవాళ్లు. వాళ్లు తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. కాబట్టి ఆ లెక్క చెప్పేది ఎవరు నేరం చేస్తున్నారని కాదు, లోపలికి వెళ్లాక ఎవరు బయటికి రాలేకపోతున్నారని.

మా పిన్ని కొడుకుది సరిహద్దుకి ఆంధ్రా వైపున్న ఇచ్ఛాపురం. డిగ్రీ చదివాడు, అంతా తెలుగు మీడియమే. బరంపురం దగ్గర బండి తగిలి గొడవైతే కేసు పెట్టారు. కాగితాలన్నీ ఒడియాలో. సంతకం పెట్టమంటే పెట్టాడు. అందులో ఏముందో మూడో రోజు లాయరు చదివి చెబితేగాని తెలియలేదు. డిగ్రీ ఉండి ఏం లాభం, ఆ పూట మావాడూ వేలిముద్రగాడే! జామీనుకి బాబాయి పొలం పాసుపుస్తకం పట్టుకెళ్తే, ఆంధ్రా భూమి పనికిరాదు, ఇక్కడివాణ్ని తెమ్మన్నారు. గట్టిగా పాతిక కిలోమీటర్ల దూరానికి పదకొండు రోజులు లోపల ఉన్నాడు.

జయపురం వకీలు:
కోర్టు అలా కాదనకూడదమ్మా. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసు ఇలాంటిదే. 10,000 రూపాయల పూచీ అడిగారు. అన్నదమ్ముడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వేరే పూచీదారు లేకుండా, 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టంలో, 479వ సెక్షన్ కూడా ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపేస్తే, జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు మాత్రం వర్తించదు.

రాయగడ కుర్రాడు:
గంజాయి కేసుల మాటేమిటి సార్? సరుకు ఎక్కువైతే మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ కింద బెయిలు గగనమే. కొండ దిగి మూట మోసినవాడు దొరుకుతాడు. మూట ఎవరిదో వాడికే తెలీదు.

బరంపురం మేస్టారు:
సరే, ఇవన్నీ తెలియాలన్నా చదువే కావాలిగా?

జయపురం వకీలు:
కావాలి. కానీ మీ సిలబస్‌లో జామీను పాఠం ఏ తరగతిలో ఉంది మేస్టారూ? నేను లా కాలేజీకి వెళ్లేదాకా నాకూ తెలీదు. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయొచ్చని మీ పదో తరగతి పిల్లల్లో ఎందరికి తెలుసు?

బరంపురం మేస్టారు:
…ఆ నంబరు నాకూ ఇప్పుడే తెలిసింది.

పర్లాకిమిడి పిల్ల:
మేస్టారూ, మీకు ఒడియా చదవడం వచ్చుగా? మావాడికి మంగళవారం వాయిదా. చార్జిషీటు ఫొటోలు పంపితే కాస్త చదివి చెప్తారా?

బరంపురం మేస్టారు:
పంపమ్మా. ఇక్కడ అందరూ చూసేలా పెట్టకు, పేర్లుంటాయి. నాకు విడిగా పంపు.