మాంత్రికుల కథల్లోని బిస్కట్లు, మిఠాయిలు: కోనసీమ వేసవిలో పిల్లలకు ఏవి చేసి పెట్టవచ్చు?

ప్రశ్న: లంకపాఠకురాలు

అమలాపురం సమీపంలోని మా ఊరి గ్రంథాలయంలో సెలవులకు పిల్లల చేత హ్యారీ పోటర్ కథలు చదివిస్తున్నాము. చివరి రోజున ఆ కథల్లోని తినుబండారాలు కొన్ని చేసి పంచాలని ఆలోచన. రైలులో బండి తోసుకుంటూ వచ్చే ఆవిడ దగ్గర హ్యారీ అన్ని రకాలూ కొన్నేసి కొని 11 సికిళ్లు, 7 నట్లు అనే మాంత్రికుల నాణేలు చెల్లించే ఘట్టం మా పిల్లలకు కంఠస్థమైపోయింది. మాకు ఓవెన్ లేదు, గ్యాసు పొయ్యి మాత్రమే ఉన్నది. ఈ ఎండకు చాక్లెట్ కప్పలు నిలుస్తాయా? లేక వాటి బదులు మన కాజాలు, పూతరేకులు పెట్టడమే మేలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: మండపేట వంటిల్లు

అమ్మా, బిస్కట్టుతో మొదలుపెట్టండి. 2003లో వచ్చిన అయిదవ పుస్తకంలో, తరగతిలో పంతులమ్మ మీద కేకలు వేసిన హ్యారీ శిక్ష తప్పదనుకుంటూ ప్రొఫెసర్ మెక్‌గోనగల్ గదికి వెళ్తే, ఆవిడ గళ్ల డబ్బా చూపించి బిస్కట్టు తీసుకోమంటుంది. అంత కఠినురాలి మనసు ఎవరి పక్షాన ఉన్నదో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఆ డబ్బాలో ఉండేవి న్యూట్ అనే బల్లి వంటి నీటి జీవి పేరు పెట్టిన అల్లం బిస్కట్లు.

పావుకిలో మైదాకు 100 గ్రాముల వెన్న, 125 గ్రాముల మెత్తని బెల్లం పొడి, రెండు చెంచాల శొంఠి పొడి, చిటికెడు వంటసోడా కలిపి, ముద్ద కావడానికి సరిపడా మాత్రమే పాలు చిలకరించాలి. పచ్చి అల్లం వేస్తే తడి చేరుతుంది కనుక శొంఠే వాడండి. బెల్లంలోని పులుపుతో కలిసినప్పుడు సోడా పొంగుతుంది. అది ఎక్కువైతే బిస్కట్టు పరుచుకుపోయి, మీరు శ్రమపడి కోసిన కాళ్లూ తోకా ఒకటైపోతాయి. మందపాటి గిన్నె అడుగున ఉప్పు పరిచి, స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చాక పళ్లెం లోపల పెట్టి, అంచులు ముదురు రంగుకు తిరిగేవరకు సన్నని సెగ మీద ఉంచండి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. చల్లారిన వెంటనే బిగుతు మూత ఉన్న డబ్బాలో వేయకపోతే మన డెల్టా గాలికి సాయంత్రానికల్లా సాగుతాయి.

ఆ కథల్లో హ్యారీ స్నేహితుడు హ్యాగ్రిడ్ చేసే రాతి కేకుల జోలికి మాత్రం పోవద్దు. పళ్లు విరిగేటంత గట్టిదనమే వాటి ప్రత్యేకత కదా!

జవాబు: కొబ్బరితోట

చాక్లెట్ సంగతి నేను చెబుతాను, మా కొబ్బరితోటలో కోకో అంతరపంట కాబట్టి. అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో వేసుకోగానే కరగడానికి కారణం అదే. మే నెల మధ్యాహ్నం మన గ్రంథాలయాల్లో నిలవకపోవడానికి కారణమూ అదే. కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ కొంత ఓర్చుకుంటుంది గాని రుచి తక్కువ. అచ్చుల్లో పోసిన కప్పలను ఐసు పెట్టెలో ఉంచి, పిల్లల చేతికి నేరుగా అందించండి; బయట పెట్టి కూర్చుంటే చెమర్చి, ఆరిన తరువాత పైన తెల్లని మచ్చలు కడతాయి. వీలైతే ఒక కోకో కాయను కోసి గింజలను చూపించండి. వాటిని తెల్లని గుజ్జుతో సహా అయిదారు రోజులు పులియబెట్టి ఎండబెడితేనే చాక్లెట్ వాసనకు పునాది పడుతుందని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు.

కప్పతో పాటు వచ్చే, పేరున్న మాంత్రికుల బొమ్మ గల చీటీని మరవకండి. మొదటి కథలో హ్యారీ ఎంతో వెదికిన నికొలస్ ఫ్లామెల్ పేరు చివరకు బడి పెద్ద డంబుల్‌డోర్ చీటీ మీదనే దొరుకుతుంది. మీ చీటీల మీద కాటన్ దొరనూ డొక్కా సీతమ్మ గారినీ వేయవచ్చు.

జవాబు: గట్టుమీద చదువరి

కాజాకు మాంత్రికుల పేరు తగిలించి పెట్టడం నాకు సమ్మతం కాదు. తాపేశ్వరం మడతకాజాకూ కాకినాడ గొట్టంకాజాకూ అరువు పేర్లు అవసరం లేదు, పిల్లలు కూడా ఇట్టే పసిగడతారు. హ్యారీకి ప్రీతిపాత్రమైన ట్రీకిల్ టార్ట్ పంచదార పాకం, రొట్టె పొడి, నిమ్మరసంతో చేసేది. వీలైతే దానినే చేయండి, లేకుంటే విడిచిపెట్టండి.

పూతరేకు విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. ఆ కథల్లోని అన్ని రుచుల గింజ మిఠాయిలలో సరదా అంతా కొరికేదాకా రుచి తెలియకపోవడంలోనే ఉన్నది. డంబుల్‌డోర్ అంతటివాడికి చెవి గులిమి రుచి తగిలింది. ఆత్రేయపురం పూతరేకు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందినది, ఈ పనికి తగినది, ఎందుకంటే మడత పెట్టాక లోపల ఏమున్నదో పైకి చెప్పదు. రేకులు విడిగా కొని, కొన్నింటిలో బెల్లం, కొన్నింటిలో శొంఠి పంచదార, కొన్నింటిలో కంది పొడి, రెండు మూడింటిలో వేయించిన వేపపువ్వు పెట్టి, అన్నింటినీ ఒకే కొలతలో మడవండి. జీడిపప్పు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో తల్లిదండ్రులను ముందే అడగండి, ఈ ఆటలో అది దాచకూడని సంగతి.

లంకపాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. శొంఠి బిస్కట్లు, పూతరేకులు ఖాయం చేసుకున్నాము. కప్పలను చలికాలానికి వాయిదా వేస్తున్నాము. కంది పొడి పెట్టిన రేకులను ముందు రోజే మడిచి ఉంచవచ్చునా?

గట్టుమీద చదువరి

వద్దండీ. పొడిలోని ఉప్పు గాలిలోని తేమను లాగి రేకును చింపేస్తుంది. ఆ ఉదయమే, నెయ్యి చాలా తక్కువగా రాసి మడవండి.