ఓడ దిగి వచ్చే మనిషి కోసం ఇంటి నిర్ణయాలు ఆపాలా?

కావలి కోడలు:
మా ఆయన సరుకు మోసే బల్క్ క్యారియర్ ఓడలో సెకండ్ ఇంజనీరు. ఈ నెలాఖరుకి సైన్ ఆఫ్, అంటే కాంట్రాక్టు ముగిసి ఓడ దిగుతారు. "వాడు వచ్చాక నెల రోజులు ఇంట్లో ఏ పంచాయితీ పెట్టొద్దు, కడుపునిండా తిని నిద్రపోనీ" అని మా అత్తగారు ఇప్పటినుంచే చెబుతున్నారు. నా దగ్గరేమో ఆగని పనులున్నాయి. బాబుని పాత స్కూల్లోనే ఉంచాలా, మార్చాలా అన్నది జూన్‌లో బడి తెరిచేలోపు తేలాలి. పై అంతస్తు స్లాబ్ ఎప్పుడని మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఆయన చిన్నాన్న కొడుకు రొయ్యల గుంటలు లీజుకు తీసుకుంటూ "అన్న రాగానే వాటా మాట్లాడదాం" అని కాచుకుని ఉన్నాడు. పోయినసారి అత్తగారు చెప్పినట్టే చేశాం. ఆ నెలంతా నేనూ ఆయనా ముఖ్యమైన మాట ఏదీ ఎత్తకుండా, కొత్త చుట్టాల్లా మర్యాదగా తిరిగాం. ఆయన కుదురుకునేదాకా ఇల్లు ఆగాలా, నడుస్తున్న ఇంట్లోకి ఆయనే వచ్చి కలవాలా? ఓడ ఉద్యోగాల ఇళ్లవాళ్లు చెప్పండి.

ముత్తుకూరు ఏబీ:
అక్కా, అత్తగారి మాటే కరెక్టు. ఓడలో రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని ఎంఎల్‌సీలో, అంటే ఓడ ఉద్యోగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. ఆ పది గంటలు కూడా ఒక్కసారే ఇవ్వాలని లేదు, రెండు ముక్కలు చేయొచ్చు. నేను ఏబీని, అంటే డెక్ మీద పనిచేసే నావికుణ్ణి. నాది పన్నెండు నుంచి నాలుగు వాచ్, అంటే కాపలా డ్యూటీ, పగలూ రాత్రీ కూడా. ఇంటికొచ్చినా అర్ధరాత్రి కాగానే ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. బావగారు ఇంజనీరు కాబట్టి డ్యూటీ రాత్రుల్లో కేబిన్‌లో అలారం మోగితే లేచి ఇంజన్ రూముకి పరిగెత్తాల్సిందే. దిగే ముందు వారం పని అప్పగించే హ్యాండోవర్‌తో నిద్రే ఉండదు. ఆ తర్వాత రెండు మూడు విమానాలు మారి, చెన్నైలో దిగి, కారులో గూడూరు, నెల్లూరు దాటి ఇల్లు చేరేసరికి గుమ్మంలో స్కూలు, స్లాబు, రొయ్యలు! స్నానం చేస్తూ కళ్లు మూసుకుంటే నేల ఊగుతున్నట్టుంటుంది, గోడ పట్టుకోవాలి. ఆ మనిషిని ఇప్పుడే తేల్చమంటే "నీ ఇష్టం" అంటాడు, లేదంటే అరుస్తాడు. ఇంకోటి, రాగానే జనంలోకి తీసుకుపోవద్దు. ఒకసారి నన్ను వచ్చిన రెండోరోజే నెల్లూరులో రొట్టెల పండక్కి తీసుకుపోయారు. దర్గా దగ్గర ఆ జనంలో ఊపిరాడక బయటికి వచ్చేశాను. ఇరవై ముప్పై ముఖాల మధ్య నెలల తరబడి బతికినవాడికి అది చాలా కష్టం.

ఒంగోలు రిటైర్డ్ మేట్:
నిద్ర గురించి తమ్ముడు రాసింది అక్షరాలా నిజం. నెల రోజులు ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఓడలో ఏ గంటకి ఏ పనో నిద్రలో అడిగినా చెబుతాం. ఇంట్లో ఒక్కసారిగా చేతులు ఖాళీ. రెండో వారానికల్లా ఫోన్ పట్టుకుని మళ్లీ జాయినింగ్ ఎప్పుడని కంపెనీని అడుగుతూ ఉంటాం. కాబట్టి అమ్మా, రెండోరోజు నుంచే చిన్న పనులు చెప్పు. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, పిల్లవాణ్ని ట్యూషన్‌కి దింపడం. ఆపాల్సింది డబ్బు నిర్ణయాలు. చాలా కాంట్రాక్టుల్లో దిగిన తర్వాత నెలనెలా జీతం రాదు, లీవు డబ్బులు కూడా ముందే జీతంలో కలిపి ఇచ్చేస్తారు. అంటే ఖాతా నిండుగా కనిపించేది మొదటి నెలలోనే. ఆ సంగతి చుట్టాలకీ తెలుసు. మనిషి ఇంటికొచ్చిన సంతోషంలో ఉంటాడు, పైగా ఇన్ని నెలల్లో ఊళ్లో ఏ ధర ఎంత మారిందో తెలియదు. గుంటల వాటా, ప్లాటు అడ్వాన్సు, హామీ సంతకం అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి. వారం రోజులు వరసగా రాత్రి పూట నిద్రపోయేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వొద్దు.

కొత్తపట్నం వలగాడు:
ఇంత ఆలోచన అవసరమా అనిపిస్తోంది. మాకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఊళ్లో మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, బోటుకి రంగు వేసుకుంటారు, ఇంట్లో గొడవలుంటే తేల్చుకుంటారు. ఎవరినీ ఎవరూ సముదాయించరు.

ముత్తుకూరు ఏబీ:
అన్నా, మీ ఊళ్లో అందరూ ఒకేసారి ఒడ్డుకొస్తారు. నీ బాధేందో పక్కింటాయనకి చెప్పకుండానే తెలుసు. మా వీధిలో ఓడ ఎక్కింది నేనొక్కణ్ణే. మీకు తేదీ ముందే తెలుసు, మాకు మా బదులు పనిలోకి ఎక్కే రిలీవర్ వచ్చేదాకా దిగుతామన్న నమ్మకం లేదు. 2020లో కరోనా వల్ల కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ప్రపంచం మొత్తం మీద దాదాపు 4 లక్షల మంది ఓడల్లోనే ఉండిపోయారు. అప్పటినుంచీ ఇంట్లో అడుగుపెట్టేదాకా ఇంటి గురించి ఆలోచించకూడదని మనసుకి చెప్పుకోవడం నాకు అలవాటైంది. ఇంటికి రాగానే అదంతా పోదు.

అల్లూరు అమ్మాయి:
అందరూ వచ్చే మనిషి గురించే రాస్తున్నారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ల సంగతి నేను చెబుతాను. మా నాన్న ఓడలో చీఫ్ ఆఫీసరుగా చేశారు. ఆయన లేని నెలల్లో ఇంటికి ఒక పద్ధతి ఏర్పడేది. బ్యాంకు పని అమ్మది, తమ్ముడి లెక్కల హోంవర్క్ నాది, రాత్రి తొమ్మిదింటికి భోజనం. నాన్న వచ్చిన నాలుగో రోజుకల్లా తనిఖీ మొదలు. గ్యాస్ ట్యూబు, స్విచ్ బోర్డులు, మందుల మీద ఎక్స్‌పైరీ తేదీలు, అన్నీ చూసేవారు. అంతవరకు మంచిదే, ఆయన ప్రేమ అలాగే కనిపించేది. తర్వాత ట్యూషన్ మాన్పించడం, ఓడలోలాగా సాయంత్రం ఆరింటికే భోజనం పెట్టమనడం. మేము మారేవాళ్లం. ఆయన వెళ్లాక మళ్లీ పాత పద్ధతి. మళ్లీ వచ్చేవారు, మళ్లీ మారేవాళ్లం. ఒకసారి ఇంటర్‌లో నేను ఏ కాలేజీలో చేరాలన్నది ఆయన వచ్చాక తేలుద్దామని అమ్మ ఆపింది. రిలీవర్ ఆలస్యమై ఆయన రాలేదు. అనుకున్న కాలేజీలో సీట్లు నిండిపోయాయి.

అందుకే కావలి అక్కకి నేను చెప్పేది ఒకటే. పిల్లల చదువు ఎవరి కోసమూ ఆపొద్దు. ఆయన లేనప్పుడు నువ్వు తీసుకున్న నిర్ణయాన్ని ఆయన వచ్చాక తిరగదోడకూడదు. మొదటి నెల ఇంటి పద్ధతుల్లో ఏదీ మార్చకూడదు. విశ్రాంతి ఎన్ని రోజులైనా తీసుకోనీ.

నెల్లూరు స్టాఫ్ నర్స్:
నేల ఊగినట్టుండటం గురించి చెబుతాను. కదిలే డెక్‌కి అలవాటుపడిన మెదడు కదలని నేలకి మళ్లీ అలవాటు పడాలి. ఎక్కువమందికి గంటల్లో, లేదా రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నెల దాటినా పోకపోతే డాక్టరుకి చూపించాలి. అలాగే రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, మనిషి ఎవరితోనూ కలవకపోయినా, తాగుడు పెరుగుతున్నా అలసట అని వదిలేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒంగోలు రిటైర్డ్ మేట్:
అల్లూరు అమ్మాయి చెప్పింది బాధగా ఉంది, న్యాయంగానూ ఉంది. కానీ తల్లీ, అన్నీ ముందే తేల్చేసి "మీరు తిని పడుకోండి" అంటే ఆ మనిషికి ఇంట్లో మిగిలే పనేంటి? డబ్బు పంపడమేనా? చుట్టూ చూశాను నేను. ఇంట్లో తన పని అంటూ ఏదీ లేనివాళ్లు సెలవు పూర్తి కాకుండానే కాంట్రాక్టు ఒప్పేసుకుంటారు. ఒంటరిగా భూమి చుట్టూ తిరిగే 1968-69 పడవ పందెంలో ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మ్వాటెస్సియే గెలిచే అవకాశం ఉండి కూడా, ఇంట్లో భార్య ఎదురుచూస్తుండగా, తాహితీ వైపు సాగిపోయాడు. సముద్రంలోనే సంతోషంగా ఉన్నానని కబురు పెట్టాడు. అంత దూరం పోయేవాళ్లు అరుదు. ఇంట్లో ఉండి కూడా మనసు ఓడలోనే వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

సూళ్లూరుపేట క్యాడెట్:
సార్, మీ రోజుల్లో ఉత్తరాలు. 2024 డిసెంబరు నుంచి ఓడలో ఇంటర్నెట్ సదుపాయం కల్పించాలన్నది ఎంఎల్‌సీలోనే చేరింది. నేను నడిసముద్రంలో ఉండి మా చెల్లి పెళ్లిచూపులు చూశాను. ఆయన దిగేదాకా దాచడం దేనికి? వచ్చే ముందే కాల్‌లో మాట్లాడుకుంటే గుమ్మంలో ఏ గొడవా ఉండదు.

ముత్తుకూరు ఏబీ:
అదే వద్దంటున్నాను తమ్ముడూ. స్లాబు గురించి గొడవపడి ఫోన్ పెట్టేసి వాచ్‌కి పోయినవాడి ధ్యాస పని మీద ఉండదు. డెక్ మీద, ఇంజన్ రూములో అది ప్రాణాల మీదికి వస్తుంది. చెప్పేది శుభవార్తలా చెప్పండి, తగాదా మాత్రం ఫోన్‌లో పెట్టుకోవద్దు.

కావలి కోడలు:
అందరికీ థాంక్స్. స్కూలు సంగతి ఆయన కోసం ఆపను, మార్చాలనే అనుకుంటున్నాను. ఆయన వాచ్ లేని టైమ్ చూసి కాల్‌లో చెబుతాను, వాదన పెట్టను. స్లాబు రెండు నెలలు ఆగినా నష్టం లేదని మేస్త్రీకి చెప్పేశాను. గుంటల వాటా మాట నిద్ర కుదిరాకే అని మరిదికి మా అత్తగారి చేతే చెప్పిస్తాను. నెల రోజులు పంచాయితీ వద్దన్నది ఆవిడే కదా.

ఒంగోలు రిటైర్డ్ మేట్:
బాగుందమ్మా. అయితే కొత్త స్కూలుకి ఆయన్ని వెంటబెట్టుకుని పో. అడ్మిషన్ ఫారం మీద సంతకం ఆయన్నే పెట్టనీ. తండ్రిగా అదైనా ఆయన చేతి మీదుగా జరగాలి.

కావలి కోడలు:
తీసుకుపోతాను సార్. సంతకం మాత్రం నేనే పెడతాను. ఏడాదంతా టీచర్లు ఫోన్ చేసేది నాకు, జ్వరం వస్తే పరిగెత్తేది నేను. ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం ఆయనది. వ్యాన్ మాట్లాడను.