“చెంచే మంత్రమూహించె”: ఆ ‘చే’ ఏమిటి?

ఆదోని: శ్రీకాళహస్తీశ్వర శతకంలోని “ఏ వేదంబు పఠించె లూత” పద్యంలో “చెంచే మంత్రమూహించె” అంటాడు ధూర్జటి. ఈ చెంచు తిన్నడే, అంటే కన్నప్పే కదా? మరి కన్నప్పను మా పక్క బోయలు తమవాడంటారు. ఇక్కడ చెంచు అనేది జాతి పేరా, వట్టి అడవిమనిషి అనా? పైగా “చెంచే” అనడంలో ‘వీడు కూడానా’ అనే చులకన ఉన్నట్టుంది.

ప్రొద్దుటూరు: అది ఏవకారం (నొక్కి చెప్పే ‘ఏ’) కాదు సామీ. చెంచు + ఏ మంత్రము, అంటే చెంచు ఏ మంత్రం ఊహించినాడని. శార్దూలం, పదమూడో అక్షరం యతి. రెండో పాదం మొదట ‘దాన్ + ఏ విద్య’, యతిస్థానంలో ‘చెంచు + ఏ’. ఏకారానికి ఏకారం. మొదటి పాదంలోనూ అంతే: ‘ఏ వేదంబు’కు ‘భుజగంబు + ఏ శాస్త్రముల్’.

రాజంపేట: యతి సరే, పద్యం చివర ‘జంతుతతికిన్’ అన్నాడే, ఆ జంతువుల గుంపును ఏం చేస్తారు? సాలీడు, పాము, ఏనుగు, వాటి వరసలో మనిషి!

ప్రొద్దుటూరు: పుట్టిందల్లా జంతువే. “జంతూనాం నరజన్మ దుర్లభం” వినలేదా?

రాజంపేట: విన్నాంలెండి. శ్రీకాళహస్తి అనే క్షేత్రం పేరులో మాత్రం శ్రీ (సాలీడు), కాళ (పాము), హస్తి (ఏనుగు) ముగ్గురే. నాలుగోవానికి చోటు లేదు. ఇంకోటి, తిన్నని ఊరు పొత్తపినాడులోది. పొత్తపి మా నందలూరు పక్కనే, చెంచులుండే నల్లమలలో కాదు. తమిళులు అతన్ని వేడర్ (వేటగాడు) అన్నారు. కాబట్టి చెంచు అంటే ఇక్కడ వేటగాడనే నా లెక్క.

గుత్తి వకీలు: అంతవరకే ఆగండప్పా. ఈ పద్యం చూపించి బోయ, చెంచు ఒకటే అంటే కోర్టులో నిలవదు. ఎస్టీలెవరో తేల్చే 342వ అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వులో ఏ పేరుంటే ఆ పేరే. పర్యాయపదమని సాక్ష్యం తెచ్చినా కలపడానికి లేదని మిలింద్ కేసులో (2000) రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. మార్చాలంటే పార్లమెంటు చట్టం చేయాల్సిందే. మన ఎస్టీ జాబితాలో ‘వాల్మీకి’ (బోయలకు ఇంకో పేరు) ఉంది గానీ శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా షెడ్యూల్డ్ ప్రాంతాలకే. సీమ బోయలు బీసీ-ఏ. అదే బళ్ళారికి పోతే బేడ, వాల్మీకి ఎస్టీలు.

ఆత్మకూరు: చెంచుల మీద చదివేవాళ్ళు ఒకటి చూసుకోవాల. హైమెండార్ఫ్ 1943 పుస్తకం ప్రధానంగా నిజాం ఏలుబడిలోని అమ్రాబాదు చెంచులది. థర్‌స్టన్ 1909 సంపుటాలు మద్రాసు వైపువి. బోయ మొదటి దాంట్లో, చెంచు రెండో దాంట్లో దొరుకుతారు. రెండూ కలిపేసుకుంటే భూమి హక్కుల దగ్గర తప్పుతారు. అమ్రాబాదు గూడేలు ఐదో షెడ్యూలు కిందివి, గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం వర్తిస్తుంది. కృష్ణకు ఇవతల కర్నూలు వైపు గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అది పనిచేయదు. ఇక్కడ చూడాల్సింది 2006 అటవీ హక్కుల చట్టం, అందులోనూ 3(1)(ఇ): ఆదిమ తెగల ఆవాస హక్కు అదే.

ఆదోని: ‘చే’ తేలింది. చెంచు తేలలే.

ప్రొద్దుటూరు: నన్నడిగితే అసలు ముడి ‘ఊహించె’లో ఉంది. మీమాంసలో ఊహ అంటే మంత్రంలో మాట మార్చి వేరే యాగానికి అమర్చుకోవడం. ధూర్జటి శ్రౌతుల్ని (యాగాలు చేసే వైదికుల్ని) ఎత్తిపొడిచినాడు.

రాజంపేట: గణం కోసం పడిన మాటకు యాగం చేయిస్తున్నారు మీరు.

ప్రొద్దుటూరు: గణానికే అయితే ‘ఆలించె’ కూడా సరిపోతుంది. ‘ఊహించె’ అనే ఎందుకన్నాడో చెప్పండి.