ఇంప్లాంట్ మార్పించుకున్నాక మచ్చ ఇలా తాడులా తగలడం మామూలేనా?

బెజవాడమ్మాయి:
అందరికీ నమస్తే. నాకు 47 ఏళ్లు. 2013లో కుడివైపు క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేసినప్పుడు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. రెండేళ్లుగా అది రాయిలా గట్టిపడి పైకి జరిగిపోయింది, ఆ పక్కకి తిరిగి పడుకోవడమే మానేశాను. ఇంప్లాంట్ చుట్టూ కట్టిన పొర బిగుసుకుందని చెప్పి, పొరతో సహా పాతది తీసి కొత్తది పెట్టారు. తొమ్మిది వారాలైంది. పాత మచ్చ మీదే కోశారు. మొదటిసారి అది సన్నగా, తెల్లగా, గీత గీసినట్టు ఉండేది. ఇప్పుడు ఎర్రగా, వేలితో తడిమితే తాడులా, రాత్రుళ్లు ఒకటే దురద. నిన్న ఒక చివర పొక్కులా లేచి అందులోంచి దారం ముక్కలాంటిది బయటికొచ్చింది. జ్వరం లేదు. మచ్చ మీద అంటించే సిలికాన్ షీటు కొన్నాను కానీ ఇంకా వాడలేదు, భయం. డాక్టర్‌ని అడిగితే "బానే ఉందమ్మా" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. మా అత్తగారైతే పప్పు, వంకాయ తింటే చీము పడుతుందని అన్నంలో చారే పోస్తున్నారు.

వార్డుసిస్టర్:
అమ్మా, ముందు ఆ దారం సంగతి. అది లోపల వేసిన కరిగే కుట్టు తాలూకు ముడి అయి ఉండొచ్చు, పూర్తిగా కరక్కముందే చర్మం దాన్ని బయటికి తోసేస్తుంది. చాలామందికి అవుతుంది. కానీ గోటితో లాగొద్దు, దువ్వెనతో గీకొద్దు. కింద ఇంప్లాంట్ ఉన్నచోట ఎంత చిన్న రంధ్రమైనా వదిలేయకూడదు, రేపే వెళ్లి చూపించు. పట్టుకారుతో పట్టి ముడి కత్తిరించేస్తారు, రెండు నిమిషాల పని. ఈలోగా జ్వరం 100.4 దాటినా, ఎరుపు మచ్చని దాటి చుట్టూ పాకుతున్నా, ఆ పక్క వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి ఒక్క వైపే వాచినా, చీమో వాసనో వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు, రాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్లు.

గోదారిగట్టు:
చెల్లీ, నేనూ మార్పించుకున్నదాన్నే, మూడేళ్లయింది. తొమ్మిది వారాలప్పుడు మచ్చ చూసుకుని అద్దం దగ్గర ఏడ్చాను, అందుకే ఇంత రాస్తున్నాను. మచ్చ చూడ్డానికి అన్నిటికంటే పాడు కాలం సరిగ్గా ఇదే. కోసినచోట ఒళ్లు మొదట్లో కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌ని హడావుడిగా, అడ్డదిడ్డంగా పేరుస్తుంది, అందుకే రెండు మూడు నెలలప్పుడు ఎర్రగా ఉబ్బి గట్టిగా ఉంటుంది, తర్వాత నెమ్మదిగా సర్దుకుంటూ చదునై రంగు తగ్గుతుంది. దానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. పదేళ్లు ముదిరిన నీ పాత మచ్చతో తొమ్మిది వారాల ఈ మచ్చని పోల్చుకుంటే ఎలా చెప్పు, అప్పట్లో అదీ ఇలాగే ఉండి ఉంటుంది, క్యాన్సర్ టెన్షన్‌లో దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికుంది.

ఇంకోటి, పొర కూడా తీశారన్నావు కదా, అంటే బయట నాలుగంగుళాల గీతే కనిపిస్తున్నా లోపల అరచేయంత మేర పచ్చిగా ఉన్నట్టే. మొదటి ఆపరేషన్‌తో అక్కడి చర్మం అసలే పల్చబడి రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. మధ్యమధ్యలో సూదులు గుచ్చినట్టు, కరెంటు తగిలినట్టు ఉండటం నాకు ఐదో నెల దాకా ఉంది.

షీటు మామూలుగా చెక్కులు రాలిపోయి, ఎక్కడా తడి లేకుండా మూసుకున్నాక, అంటే రెండు మూడు వారాల నుంచే మొదలుపెట్టిస్తారు. నువ్వు ఆలస్యమేం కాలేదు, కానీ దారం వచ్చినచోట పూర్తిగా మూసుకునేదాకా అక్కడ పెట్టొద్దు. రోజుకి కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు తగ్గకుండా వాడితేనే పని చేస్తుంది, నాలుగు రోజులు పెట్టి తీసేస్తే డబ్బు దండగ. బెజవాడ ఎండలకి దాని కింద చెమట పట్టి చెమటకాయలు వస్తాయి కాబట్టి మొదట నాలుగ్గంటలతో మొదలుపెట్టి పెంచుకో, రోజూ తీసి సబ్బుతో కడిగి ఆరబెట్టు. అస్సలు పడకపోతే సిలికాన్ జెల్, పల్చగా రాసి ఆరాకే జాకెట్ వేసుకో. విటమిన్ ఇ మాత్ర చిదిమి రాయమని ఎవరో ఒకరు చెప్తారు, నాకు దాంతో దద్దుర్లు లేచాయి, మచ్చకి ఒరిగిందేమీ లేదు.

ఖమ్మంఅక్క:
నాది వేరే అనుభవం. నాకు రేడియేషన్ ఇచ్చారు, ఆ చర్మం మానడానికి చాలా టైం పట్టింది, ఒకచోట నెల దాటినా మూసుకోలేదు. రేడియేషన్ అయినవాళ్లు పక్కవాళ్ల వారాలు లెక్కబెట్టుకోవద్దు. పైగా నేను చేసిన తెలివితక్కువ పని, పచ్చి గాయం మీద పసుపు, కొబ్బరినూనె కలిపి రాశాను. అది ఎండి అంటుకుపోతే నర్సమ్మ నానబెట్టి తీసేసరికి నాకు ప్రాణం పోయింది. ఇంకో మాట, నీకు చెవి కుట్టించుకున్నప్పుడు గానీ, టీకా వేసినచోట గానీ బుడిపెలా పెరిగిందా? అలాంటి ఒంటికి కీలాయిడ్, అంటే మచ్చ గీత దాటి గడ్డలా పెరగడం, వచ్చే అవకాశం ఉంటుంది. ఉబ్బినా కోసిన గీత వరకే ఉంటే సరే, గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే మాత్రం స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు, మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, నెలకి అటూ ఇటుగా ఒకటి చొప్పున. నొప్పిగానే ఉంటాయి, అబద్ధం చెప్పను.

బెజవాడమ్మాయి:
వెళ్లొచ్చాను. ముడి తీసేశారు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్ఫెక్షన్ లేదన్నారు. బుడిపెలు ఎప్పుడూ రాలేదక్కా. మరి పప్పు? జాకెట్?

వార్డుసిస్టర్:
చీము క్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ తిను. పథ్యం పేరుతో చారన్నం తిని నీరసపడ్డవాళ్లని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. షుగర్ ఉంటే మాత్రం అది అదుపులో ఉండాలి, మానకపోవడానికి అసలు కారణం అక్కడుంటుంది. అత్తగారితో వాదించకు, డాక్టర్ చేత చీటీ మీద "పప్పు, గుడ్డు రోజూ" అని రాయించుకురా, చీటీకి ఉన్న విలువ మన మాటకి ఉండదు.

ఆ వైపు చర్మానికి స్పర్శ తక్కువ ఉంటుంది కదా, నొప్పి అని వేడినీళ్ల సంచి పెట్టుకోకు. కాలినా తెలియదు, బొబ్బలతో వచ్చినవాళ్లు ఉన్నారు. ఐస్ కూడా అంతే.

గోదారిగట్టు:
జాకెట్ సంగతి నేను చెప్తా. కటోరీ జాకెట్ వద్దు, లోపలి కుట్టు సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకుంటుంది. డాట్లు వదులు చేయించి మెత్తటి లైనింగ్ వేయించుకో, లోపల ముందు హుక్కులున్న కాటన్ బ్రా, వైరు లేనిది. నిండు బకెట్లు మోయడం, పరుపు ఎత్తడం లాంటివి డాక్టర్ సరే అన్నాకే. మచ్చ మీద మర్దనా కూడా ఆయన్ని అడిగే మొదలుపెట్టు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫోటో తీసుకో, రోజూ చూసుకుంటే మార్పు కనిపించదు.

పాతదీ కొత్తదీ రెండు ఇంప్లాంట్ కార్డులూ దాచుకో. 2019లో గరుకు ఉపరితలం ఉన్న ఒక రకం ఇంప్లాంట్లని ప్రపంచమంతా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, వాటితో చాలా అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్‌లో ఒక రకం వస్తుందని తేలింది. కార్డు ఉంటేనే నీకు పెట్టింది ఏ రకమో తెలుస్తుంది. ఏడాది దాటాక ఎప్పుడైనా ఒక వైపు నీరు చేరి వాస్తే ఆ నీటిని పరీక్షకి పంపమని నువ్వే అడుగు.

బెజవాడమ్మాయి:
ఇవాళ షీటు విప్పాను. మచ్చ కంటే బాగా పొడవుంది, కత్తిరించుకోవచ్చా?

గోదారిగట్టు:
కత్తిరించుకో. మచ్చకి అటూ ఇటూ అర సెంటీమీటరు ఎక్కువ ఉంచు, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే జాకెట్‌కి పట్టుకుని లేచిపోదు. మిగిలిన ముక్క పారేయకు, ఆ కవర్లోనే పెట్టుకో, వచ్చే నెలకి పనికొస్తుంది.