ఫ్రెషర్ రెజ్యూమే ఒక్క పేజీలో సర్దేదెలా?

అంబాజీపేట నుంచి:
అందరికీ నమస్కారమండి. ఈ ఏడాదే బీటెక్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) అయింది, జేఎన్‌టీయూ కాకినాడ కింద కాలేజీ. జావా డెవలపర్ ఉద్యోగాలకి అప్లై చేస్తున్నాను, ఎక్కడా కబురు లేదు. సీనియర్ ఇచ్చిన ఫార్మాట్‌లో నింపితే మూడు పేజీలొచ్చింది: కెరీర్ ఆబ్జెక్టివ్, స్ట్రెంగ్త్స్, హాబీలు, నాన్నగారి పేరు, ఇంటి అడ్రస్, చివర్లో డిక్లరేషన్. ఇవన్నీ తీసేస్తే అనుభవం లేనివాడికి ఇంకేం మిగులుతుందని టెన్షన్. ప్రాజెక్టులు రెండే. ఫైనలియర్‌లో నలుగురం కలిసి చేసిన ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ఒకటి, మా మావయ్య కొబ్బరి కొట్టు లెక్కల కోసం నేనొక్కడినే చేసిన వెబ్ అప్లికేషన్ ఇంకోటి. ఈ రెండోది పెడితే చిన్నచూపు చూస్తారా?

భీమవరం, ప్రస్తుతం హైదరాబాద్:
తమ్ముడూ, ఆ కొబ్బరి కొట్టునే అన్నిటికంటే పైన పెట్టు. మా టీమ్‌లో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు నేను చేస్తుంటాను, అటెండెన్స్ ప్రాజెక్టు చాలామంది రెజ్యూమేల్లో ఉంటుంది, ఇందులో నువ్వు రాసిన కోడ్ ఏదని అడిగితే ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. కొట్టు సంగతైతే నువ్వు ఎంతసేపైనా చెప్పగలవు. కాకపోతే "కొబ్బరి వ్యాపారానికి వెబ్ అప్లికేషన్ చేశాను" అని ఊరుకోకు. "రైతువారీగా పచ్చికాయ, కురిడీ (ఎండు కొబ్బరికాయ) లెక్కలు, అడ్వాన్సులు, దింపు కూలి, ఒలుపు కూలి నమోదు చేసి ఎవరికి ఎంత బాకీయో చూపిస్తుంది, స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్" అనే సంగతి ఇంగ్లీషులో రెండు లైన్లలో రాయి. కొట్లో నిజంగా వాడుతుంటే ఆ మాట కూడా రాయి, వాడకపోతే వద్దు. కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురికీ చూపించే సైటు) పెట్టి లింక్ ఇవ్వు, కానీ ముందు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, డేటాబేస్ పాస్‌వర్డ్ తీసెయ్. ఒకసారి కమిట్ అయినవి, అంటే గిట్‌లో నమోదైనవి, తర్వాత డిలీట్ చేసినా గిట్ హిస్టరీలో ఉండిపోతాయి, అందుకని శుభ్రం చేసిన కోడ్‌తో కొత్త రిపోజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) తెరవడం మంచిది.

కాకినాడ, హెచ్ఆర్:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాన్నగారి పేరు, పుట్టినతేదీ, డిక్లరేషన్ అన్నీ తీసెయ్యండి, ఆధార్ నంబరైతే అస్సలు వద్దు. ఊరి పేరు, ఫోన్, మెయిల్, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ ఉంటే చాలు. పదో తరగతి, ఇంటర్ మార్కులు మాత్రం ఉంచండి, ఒక్కో లైన్‌లో. చాలా సర్వీస్ కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి, అవి కనపడకపోతే పక్కన పెట్టేసే ప్రమాదముంది. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, స్కిల్స్‌కి చుక్కల రేటింగులు ఉన్న టెంప్లేట్లు వాడకండి. రెజ్యూమేలు వడపోసే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాటిని సరిగ్గా చదవలేకపోవచ్చు. మీ పీడీఎఫ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, అక్కడ కలగాపులగంగా వస్తే వాళ్లకీ అలాగే అందే అవకాశం ఎక్కువ.

తణుకు నుంచి:
ఆబ్జెక్టివ్ విషయంలో నాదొక మాట. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వచ్చాను, నాలాంటివాళ్లకి ఎందుకు మారుతున్నామో, ఏం నేర్చుకున్నామో చెప్పే రెండు లైన్లు పైన ఉండాల్సిందే. సీఎస్ఈ వాళ్లకి అవసరం లేదు.

అంబాజీపేట నుంచి:
చాలా థాంక్సండి. స్కిల్స్‌లో జావా, ఎస్‌క్యూఎల్‌తోపాటు సీ, పైథాన్, రియాక్ట్, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కూడా రాశాను. ఉంచొచ్చా?

భీమవరం, ప్రస్తుతం హైదరాబాద్:
ఏడబ్ల్యూఎస్‌లో నువ్వేం చేశావు? వీడియోలు చూడటమే అయితే తీసెయ్. రియాక్ట్ ఆ కొట్టు ప్రాజెక్టులో వాడి ఉంటే ఉంచు. రాసిన ప్రతి పేరు మీదా ప్రశ్న పడుతుంది, ముఖ్యంగా ఎస్‌క్యూఎల్ జాయిన్లు, జావా కలెక్షన్లు గట్టిగా చూసుకో. ఫైల్‌కి నీ పేరూ జావా డెవలపర్ అనీ పెట్టి, మావయ్య కొట్టు లైన్లు రాశాక ఇక్కడ పోస్ట్ చెయ్, రాత్రికి చూసి చెప్తాను.