అప్‌డేట్: పది నెలల పాపకు ఏ బొమ్మలు కొనాలి అని అడిగాను కదా

పాపలో సృజన పెరగాలంటే ఖరీదైన బొమ్మలు కొనాలా అని అడిగితే, ఇంట్లో ఉన్నవే ఇచ్చి చూడమన్నారు చాలామంది. స్టీలు గిన్నెలు, గరిటె, అట్టపెట్టె ఇచ్చాం. గరిటెతో ముందు గిన్నెను కొట్టింది, తర్వాత నేలను, ఆ తర్వాత వాళ్ల తాతయ్య మోకాలిని! ఏది ఎలా మోగుతుందో తనే కనిపెడుతోంది. మేం నేర్పబోతే ఆట ఆపేస్తోంది, అందుకే పక్కన కూర్చుని చూస్తున్నామంతే. బంతిని తువ్వాలు కింద దాస్తే లాగి మరీ తీస్తోంది.

కొండపల్లి బొమ్మలు మాత్రం షెల్ఫులోనే ఉంచాం. వాటిని చేసే పొణికి చెక్క తేలికే కానీ, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కదా. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఫోన్ జోలికి పోవట్లేదు. మన విజయవాడ ఎండలకి సాయంత్రం బేసిన్‌లో కాసిని నీళ్లు, ఒక గ్లాసు ఇస్తున్నాం. కొంచెం నీళ్లే అయినా ఒకరం పక్కనే ఉంటున్నాం.