మేయరు: నామవాచకమా, వ్యతిరేక క్రియా?

నాచారం నుంచి, ఒక అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి. వర్క్‌షీట్‌లో "కింది మాటలకు తెలుగు పదాలు రాయండి" అని ఇచ్చారు. పోలీసుకు రక్షకభటుడు అని వాడే రాసుకున్నాడు. కలెక్టర్‌కు జిల్లా పాలనాధికారి అని నేను చెప్పాను. మేయర్ దగ్గర బండి ఆగిపోయింది. వాళ్ల నాన్న "నగర పిత" అని రాయమంటున్నారు. మా అత్తమ్మేమో "ఆడమనిషి మేయరైతే పిత ఎట్లయితది?" అని అడ్డం పడ్డది. రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. కాస్త చెప్పరూ?

వనస్థలిపురం నుంచి:

అమ్మా, దానికి తెలుగు పదం దేనికి, అదే అచ్చ తెలుగు మాటైతే! చేయు – చేయరు, వేయు – వేయరు, మేయు – మేయరు. ప్రథమ పురుష బహువచనం, వ్యతిరేకార్థకం. "వారు మేయరు." అది పదవి పేరు కాదు, ఓటర్ల ప్రార్థన.

అడ్మిన్:

మాస్టారూ, జోకు బాగుంది కానీ ఎవరి పేర్లూ తేకండి. వ్యాకరణం వరకే మేద్దాం.

పాతబస్తీ నుంచి:

నేను చిన్నప్పుడు మా గల్లీల ఉర్దూ చదువుకున్న పెద్దమనుషులు "మీర్-ఎ-బల్దియా" అనేటోళ్లు. మేయర్ అన్న మాట ఆ మీర్‌ల నుంచే వచ్చిందని మా తాత చెప్పిండు. మీర్‌ని ఇంగ్లీషోళ్లు పలకరాక మేయర్ చేసిండ్రట. మా నాయన అయితే మున్సిపాల్టి అననే అనకపోతుండె. బల్దియోళ్లు వచ్చిండ్రంటే ఇంటి పన్నుకు వచ్చినట్టే. ఇప్పటికీ నా నోట్ల బల్దియానే వస్తది.

బర్కత్‌పుర నుంచి, నా జవాబు:

ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా ఈ మాటతోనే తన్నుకున్నవాణ్ణి కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను. చదివే ఓపిక లేనివారు పైన మాస్టారి వ్యుత్పత్తితోనే సంతోషించవచ్చు.

ముందు మీర్ సంగతి. అన్నా, మీ తాతగారి మాట వినసొంపుగా ఉంది గానీ నిలబడదు. మీర్ అన్నది అరబీ "అమీర్"కు ఫారసీ కుదింపు. దాని మూలధాతువుకు ఆజ్ఞాపించడం అని అర్థం. అంటే హుకుం జారీ చేసేవాడు. మీర్ ఆలం చెరువులోనూ మీర్‌చౌక్‌లోనూ ఉన్నది ఆ మీరే. మేయర్ వేరే ఊరి మనిషి. లాటిన్‌లో "మాయోర్" అంటే "మరింత పెద్ద". అది ఫ్రెంచిలో "మేర్" అయ్యి, ఇంగ్లీషులోకొచ్చి, మన దాకా చేరింది. మన "మేజర్" కూడా దాని తోడబుట్టిందే. అమ్మాయి మేజరయింది అన్నా, మేజర్ పంచాయతీ అన్నా, మేయరమ్మ వచ్చింది అన్నా మనం వాడుతున్నది ఒకే లాటిన్ మాటని.

ఒకటి హుకుం, ఒకటి పెద్దరికం. ఈ తేడా హైదరాబాద్‌లో ఉత్త నిఘంటువు తేడా కాదు. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం చూడండి: పనులు నడిపించే అధికారం కమిషనర్‌ది, కౌన్సిల్ సమావేశంలో పెద్ద కుర్చీ మేయర్‌ది. మీర్ అన్న పేరు నిజంగా సరిపోయేది కమిషనర్‌కి. మేయర్‌ది పెద్దరికం, అంటే లాటిన్ అర్థం తు.చ. తప్పకుండా.

అంతకు ముందు ఊరి వ్యవహారాలన్నీ కొత్వాల్ చేతిలో ఉండేవి. 1869లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ పురపాలక శాఖ పెట్టించే దాకా శుభ్రతా ఆయనదే, శాంతిభద్రతలూ ఆయనవే. "కొత్వాల్-ఎ-బల్దియా" అనేవారు. ఈ కొత్వాల్ ముఖం తురకది గానీ ఒళ్లు సంస్కృతానిది: కోట్టపాలుడు, కోటను కాచేవాడు. కోట మనదే, పాలుడు మనవాడే, ఫారసీ వీధుల్లో తిరిగి కొత్వాల్ అయి తిరిగొచ్చాడు. "పురపాలక" సంఘంలోని పాలకుడూ కొత్వాల్‌లోని "వాల్" కూడా ఒకే ధాతువు బిడ్డలని ఎంతమందికి తెలుసు? ఇక "ఉల్టా చోర్ కొత్వాల్ కో డాంటే" అన్న సామెత హైదరాబాద్‌లో ఇప్పటికీ బతికే ఉంది. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు అని మనం అనేదాని చుట్టమే అది. 1920 నుంచి ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారిని జనం ఈనాటికీ కొత్వాల్ అన్న బిరుదు లేకుండా తలుచుకోరు.

నిఖార్సయిన కార్పొరేషన్ 1933లో, చాదర్‌ఘాట్‌ను కలిపినప్పుడు వచ్చింది. 1942లో ఆ హోదా పోయింది. 1950లో మళ్లీ వచ్చింది. సికింద్రాబాద్ అప్పట్లో వేరే కార్పొరేషన్. రెండూ కలిసింది 1960లో. ఈ రాకపోకలు గుర్తుంచుకోండి. "తొలి మేయర్" అన్న మాట ఎవరు వాడినా "ఏ లెక్కన తొలి?" అని అడగాల్సి వస్తుంది. మాడపాటి హనుమంతరావుగారిని తొలి మేయర్ అంటాం కదా, అది 1950 తర్వాతి లెక్క. ఆయన 1951లో ఆ కుర్చీ ఎక్కారు.

నారాయణగూడ నుంచి, ఒక పెద్దావిడ:

మాడపాటివారి పేరు రాగానే రాయకుండా ఉండలేకపోయాను నాయనా. నేను ఆయన పెట్టిన బడిలోనే చదువుకున్నాను. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మీడియంలో హైస్కూలు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో కనుక ఆ బడిని ఎక్కడో మహారాష్ట్రలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి కలపాల్సి వచ్చింది. 1921లో ఇదే ఊళ్లో ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అందులో మాడపాటివారూ ఒకరు. సభలో తెలుగు నోరు నొక్కిన ఊళ్లోనే ముప్పై ఏళ్ల తర్వాత ఆయన మేయర్. ఆయన్ని "ఆంధ్ర పితామహుడు" అనేవారు. పితామహుడు మేయరయితే నగర పిత అనడం ఒక మెట్టు దింపినట్టు కాదా?

నా జవాబు:

అమ్మా, మీ చివరి వాక్యానికి మాస్టారి మేత జోకు దిగదుడుపే.

నగర పిత దగ్గరికే వస్తున్నాను. నాచారం అత్తమ్మగారు అడిగిన ప్రశ్నకు మా డెస్కు ఒకసారి జరిమానా కట్టింది. 2009 డిసెంబర్. పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలుపుకుని 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడ్డ తర్వాత మొదటి ఎన్నిక. బండా కార్తీకరెడ్డిగారు మేయరయ్యారు. రాత్రి పదకొండున్నర. ఫొటో మూడు కాలమ్‌లు, హెడ్డింగ్‌కు మిగిలింది రెండు లైన్లు. కుర్ర సబ్‌ఎడిటర్ మొదట "నగర పితగా" అని కొట్టి, ఫొటో చూసి నాలిక కరుచుకుని, "నగర మాతగా" అని మార్చాడు. అది బోనాల వార్తలా ఉందని నేను కొట్టేశాను. ఇంకోటి పెట్టాడు: "నగరానికి తొలి మహిళా మేయర్". పొట్టిగా ఉంది, అందంగా ఉంది, లైన్లో సరిపోయింది. పేజీ కింద సంతకం పెట్టింది నేనే.

తెల్లారి ఏడు గంటలకు మొదటి ఫోను. గొంతును బట్టి ఎనభై దాటిన ఆవిడ. "బాబూ, మరి కుముదినీ దేవిగారు ఎవరు?" అంతే, పెట్టేశారు. వనపర్తి సంస్థానం రాణి కుముదినీ దేవి 1962లోనే ఈ నగరానికి మేయర్. కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం నిలబెట్టిన మనిషి. ఆవిడ తర్వాత మూడేళ్లకే సరోజినీ పుల్లారెడ్డిగారు. కార్తీకరెడ్డిగారు గ్రేటర్‌కు తొలి మేయర్, అది నిజం. నగరానికి తొలి మహిళా మేయర్ మాత్రం కాదు. "తొలి" మాటను ఎక్కడ పెట్టామన్నదానితో నలభై ఏడేళ్లు గల్లంతయ్యాయి. మర్నాడు నాలుగో పేజీలో అంగుళం సవరణ వేసుకున్నాం.

ఇంకో సంగతి. ఆ కుర్రాడు 1980లలో పుట్టినవాడు, కుముదినీ దేవి పేరు తెలియకపోవడానికి వాడొక్కడిదే తప్పు కాదు. ఈ ఊళ్లో మేయర్ కుర్చీ నిండుగా ఉన్న కాలం ఎంతో, ప్రత్యేకాధికారి నడిపిన కాలమూ అంత లెక్కపెట్టాల్సిందే. 1970ల నుంచి 1986 ఎన్నికల దాకా, మళ్లీ 1995 నుంచి 2002 దాకా, మళ్లీ 2007 నుంచి 2009 దాకా. పదవి ఖాళీగా ఉంటే మాటకూ తుప్పు పడుతుంది. 2002లో జనం నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిగారిని ఎన్నుకున్నప్పుడు "డైరెక్ట్ మేయర్" అన్న మాట వీధుల్లో పుట్టింది. పరోక్ష పద్ధతి తిరిగి రాగానే ఆ మాటా పోయింది.

మల్కాజిగిరి నుంచి, సంస్కృతం చెప్పే మిత్రుడు:

హిందీలో, మరాఠీలో "మహాపౌర్" అని చక్కటి మాట ఉంది కదండీ. మనమూ మహాపౌరుడు, మహాపౌరురాలు అనుకోవచ్చు. పిత గొడవ ఉండదు.

నా జవాబు:

అది నిజంగా మంచి మాట. మీకు తెలిసే ఉంటుంది, మన "మహా"కూ లాటిన్ "మాయోర్"కూ మూలం ఒకటే. కాబట్టి మహాపౌర్ అన్నది మేయర్‌ను అనువదించలేదు, దూరపు చుట్టాన్ని గుర్తుపట్టింది. కానీ తెలుగు చెవికి మహాపౌరుడు అనగానే ఏదో సన్మానపత్రం చదువుతున్నట్టుంటుంది. "మహాపౌరుడుగారు నాలా పరిశీలించారు" అని రాసి చూడండి, నాలాకే నవ్వొస్తుంది.

"నగర ప్రథమ పౌరుడు" అని పత్రికల్లో మేమే తెగ రాశాం. దానిలో రెండు చిక్కులు. పురంలో ఉండేవాడు పౌరుడు, శివ నుంచి శైవుడు వచ్చినట్టు. పురం అప్పటికే లోపల ఉండగా పైన ఇంకో నగరం ఎందుకు? సరే, పౌరుడి అర్థం ఇప్పుడు దేశమంతా పరుచుకుంది గనక క్షమిద్దాం. రెండోది పెద్ద చిక్కు. ప్రథమ పౌరుడు మర్యాద వరస చెబుతుందే గానీ పదవి చెప్పదు. "ప్రథమ పౌరుడి ఎన్నిక ఫిబ్రవరి 11న" అని ఎవరైనా రాస్తారా? 2016లో బొంతు రామ్మోహన్‌గారు, 2021లో గద్వాల విజయలక్ష్మిగారు ఆ తేదీనే మేయర్లయ్యారు. రెండుసార్లూ అన్ని పత్రికల్లోనూ "మేయర్ పీఠం" అనే వచ్చింది. మఠానికుండాల్సిన పీఠం బల్దియాకు ఎందుకొచ్చిందో వేరే చర్చ పెట్టుకోవాలి.

మేయర్ అన్న మాటే నిలిచిపోవడానికి నాకు తోచే కారణం మన క్రియాపదం. "మేయర్ వచ్చారు, మేయర్ మాట్లాడారు" అంటే ఆడో మగో చెప్పనక్కర్లేదు. మన గౌరవ బహువచనం ఆ పని చేసి పెడుతుంది. పిత, మాత, పౌరుడు, పౌరురాలు అని మొదలుపెడితే ప్రతి ఎన్నికకూ మాట మార్చుకోవాలి. పైగా "మేయరు" అని ఉకారం చేర్చి రాస్తే వారు, మీరు, వచ్చారులతో కలిసిపోయి పుట్టుకతోనే గౌరవవాచకంలా వినిపిస్తుంది. పరాయి మాట ఇంత సులువుగా ఇంటి మనిషి కావడం తక్కువ.

పిల్లాడి వర్క్‌షీట్‌కు తెలుగు మాటే కావాలంటే "నగర పెద్ద" అని రాయించండమ్మా. లాటిన్ అర్థానికి దగ్గర, ఆడవాళ్లకూ మగవాళ్లకూ పనికొస్తుంది, నాలుగో తరగతి వాడికి రాయడానికి ఒత్తు ఒక్కటే.

పాతబస్తీ నుంచి:

మంచిగ చెప్పిన్రు సార్. కానీ డిప్యూటీ మేయర్‌ని ఏమనాలె? చిన్న పెద్దా?

వనస్థలిపురం నుంచి:

ఆయన కొంచెం మేయరు.

అడ్మిన్:

మాస్టారూ!

నాచారం నుంచి:

అందరికీ ధన్యవాదాలండీ. రాత్రంతా మీరు చర్చిస్తుండగా వాడు నిద్రపోయే ముందే "నగర పిత" అని పెన్నుతో రాసేశాడట, నేను చూసుకోలేదు. పొద్దున బ్యాగులో పెట్టేటప్పుడు తెలిసింది. సాయంత్రం టీచర్ దిద్ది పంపారు. పక్కన టిక్కు పెట్టి, "పిత"కు పొల్లు పెట్టాడని సున్నా చుట్టారు. ఇప్పుడు మా అత్తమ్మ ఆ వర్క్‌షీట్ పట్టుకుని మా ఆయన కోసం గుమ్మంలో కూర్చుంది.